నాలుగంగుళాలు తక్కువ బండి

నేను దగ్గరుండి కొన్న మొదటి బండి నాది కాదు. డబ్బూ నాది కాదు. అప్పటికి నాకు డ్రైవింగు రాదు. ఇన్ని అర్హతలున్న మనిషి ఇంకొకడు దొరక్క చర్చి కమిటీ నన్నే ఎన్నుకుంది.

అప్పట్లో భద్రాచలంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. మా ఇల్లు ఖమ్మంలో. చిన్నప్పటి నుంచి చర్చికి పోయే కుటుంబం కాబట్టి ఊరు మారినా ఆదివారం మారలేదు. దుమ్ముగూడెం దాటాక, అడవి మొదలయ్యే చోట మా సంఘానికి చర్చి, పక్కనే ఒక చిన్న దవాఖానా ఉండేవి. దవాఖానా అంటే రెండు గదులు, ఒక నర్సు. ఆమెను అందరం సిస్టరమ్మ అనేవాళ్ళం. జ్వరాలకు మందులిచ్చేది, మామూలు కాన్పులు చేసేది, తన వల్ల కానివాటిని భద్రాచలం పంపేది. పంపేది అంటే, పొమ్మనేది. ఎట్లా పోవాలన్నది వాళ్ళ తిప్పలు.

సర్కారు అంబులెన్సులు ఆ వైపు ఇంకా రాని రోజులవి. అడవి ఊళ్ళ నుంచి మనిషిని తేవాలంటే మంచమే బండి. నులక మంచానికి కర్రలు కట్టి, నలుగురు భుజాన ఎత్తుకుని వచ్చేవాళ్ళు. వాగు అవతలి ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. మంచం మీద ఎత్తిన మనిషిని దవాఖానా మంచం మీదికి మార్చేదాకా మధ్యలో దింపరు. దింపితే మనిషి నేలకు అలవాటు పడతాడు అనేవాళ్ళు. భుజాలు మారేవి, మంచం మారేది కాదు.

ఎక్కడో దూరపు సంఘం వాళ్ళు మా దవాఖానాకు పికప్ బండి ఇప్పిస్తామని రాశారు. ఏ మోడలు, ఏ ఇంజను అన్నది మీ ఇష్టం అన్నారు. మా సంఘానికి ఇష్టాలకు కొదవ లేదు.

బండి రాకముందే డ్రైవరు దొరికాడు. వాగు అవతలి కోయ ఊరివాడు, ముప్పై ఏళ్ళ లోపే. బీడీలకు పోయే తునికాకు లారీలు నడిపినవాడు. చర్చికి రాడు, వాళ్ళ ఇంటి దేవతలు వాళ్ళకున్నారు. సిస్టరమ్మే పట్టుబట్టి పెట్టించింది. ఒక మధ్యాహ్నం దవాఖానా వరండాలో కూర్చుని అడిగాను.

"లారీ మీద జీతం ఎక్కువ కదా, ఇక్కడికెందుకొచ్చావు?"

"ఎక్కువనే సార్. కాని ఆ లారీ మా ఊరికి రాదు గద."

మిగతాది సిస్టరమ్మ చెప్పింది. రెండేళ్ళ కింద అతని భార్యకు తొలికాన్పు అడ్డం తిరిగింది. వానాకాలం. అతనేమో ఆకు లోడుతో ఎక్కడో ఉన్నాడు. ఊరివాళ్ళే మంచం మీద వాగు దాటించి, రోడ్డు మీద ట్రాక్టరు కోసం కాచుకుని, ఆ తొట్టిలో భద్రాచలం చేర్చేసరికి బిడ్డ లేదు. ఇప్పుడు ఆమెకు మళ్ళీ మూడో నెల. ఆగస్టు చివర్లో కాన్పు.

ఏ బండి కావాలో అతనికి స్పష్టంగా తెలుసు. నేను షోరూము నుంచి తెప్పించిన రంగుల కాగితాలు వరండాలో పరిస్తే వాటిని చూడనైనా చూడలేదు.

"సింగిల్ క్యాబిన్ తీసుకోండ్రి సార్. ముంగట ముగ్గురు కూసుంటే సాలు. ఎన్క తొట్టి పొడుగుండాలె. మనిషిని దించకుండ మంచాన్ని గట్లనే ఎక్కియ్యాలె. నాలుగు చక్రాలు గుంజేది గావాలె, మా వాగుల ఇసుకుంటది. ఇంజను సాదాది."

"టర్బో ఇంజనుకు బలం ఎక్కువ," అన్నాను. కాగితాలు చదివినవాణ్ణి కదా.

"ఉరికేటప్పుడు ఎక్కువ సార్. వాగుల నేను ఉరుకుతనా? పాకుత. పాకేటప్పుడు కిందికెల్లి గుంజేది గావాలె."

ఆ రంగుల కాగితం చివరి పేజీలో ఒక గ్రాఫు ఉంది. టర్బో గీత ఆలస్యంగా లేచి ఎత్తుకు పోయింది. సాదా ఇంజను గీత కిందే మొదలై బల్లపరుపుగా సాగింది. అతను ఆ గ్రాఫు చూడకుండా దాన్ని చెప్పాడు. నా క్లాసులో అయితే వందకు వంద వేసేవాణ్ణి. వరండా కాబట్టి "చూద్దాం" అన్నాను.

బండి కొనడానికి ఖమ్మం వెళ్ళే ముందు రోజు ఒక నులక తాడు తెచ్చి ఇచ్చాడు. రెండు కొసలా రెండు ముడులు.

"మా మంచం పొడుగు సార్ ఇది. ఆరడుగుల మూడంగుళాలని మంచం జేసిన వడ్లాయన చెప్పిండు. నోటిమాట ఎందుకు, దీన్ని తొట్టిల పరిచి చూడు. ముడికెల్లి ముడి దాక పట్టాలె."

"నువ్వే రారాదా?"

"పిలిస్తే రానా?"

పిలవలేదు. అది కమిటీ పని. అతను ఆ తాడును బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య అటూ ఇటూ చుట్టి, ఆ చుట్ట నడుముకు కొస బిగించి, చిన్న కట్టలా చేసి నా చేతిలో పెట్టాడు. కాలేజీ సంచీలో వేసుకున్నాను.

షోరూముకు ముగ్గురం వెళ్ళాం: పాస్టరుగారు, సంఘ పెద్ద, నేను. పాస్టరుగారిని అయ్యగారు అనేవాళ్ళం. సంఘ పెద్ద రిటైరైన హెడ్మాస్టరు, సత్తుపల్లి వైపు మనిషి. ప్రపంచమంతా ఏడో తరగతి అనుకునేవాడు. బస్సులో చెమటతో తడిసి వచ్చినవాళ్ళకు ఆ అద్దాల గది చల్లదనం తగిలేసరికి సగం నిర్ణయాలు అక్కడే అయిపోయాయి. కూల్ డ్రింకులు ఇచ్చారు. టై కట్టుకున్న కుర్రాడు రెండు బండ్లు చూపించాడు. ఆ దూరపు సంఘం వాళ్ళు ఇస్తామన్న మొత్తానికి రెండింట్లో ఏదైనా వస్తుంది.

ఒకటి డ్రైవరు చెప్పినది: ఒకే వరస సీటు, పొడుగు తొట్టి, సాదా ఇంజను, నాలుగు చక్రాలకూ బలం. ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. చూడటానికి బడి గంట కొట్టే బంట్రోతులా ఉంది. రెండోది డబుల్ క్యాబిన్: రెండు వరసల సీట్లు, ఏసీ, పవర్ స్టీరింగ్, టర్బో ఇంజను, మెరిసే బంపరు. ఇన్ని వచ్చాక తొట్టికి మిగిలింది నాలుగున్నర అడుగులు. లాగేది వెనక చక్రాలు మాత్రమే.

పెద్దాయన డబుల్ క్యాబిన్ వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నారు. చాలాసేపు బయటికి రాలేదు. అద్దం దించి అడిగారు.

"టర్బో అంటే ఏంటయ్యా?"

"బయటికి పోయే పొగే ఒక చక్రాన్ని తిప్పి ఇంజనుకు మళ్ళీ గాలి ఊదుతుందండి."

"అంటే పోయిన ఊపిరి తిరిగి రావడం. మన సిద్ధాంతమే!"

అయ్యగారు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుతో ఇంజను సంగతి తేలిపోయింది.

అయ్యగారు ఇంటి దగ్గర్నుంచి టేపు తెచ్చుకున్నారు. గ్రామాల్లో సభలకు మేము పుల్పిట్ మోసుకుపోతాం, ప్రసంగం చెప్పేటప్పుడు ముందు నిలబెట్టే చెక్క బల్ల. దాని ఎత్తు నాలుగడుగుల రెండంగుళాలు. ఆయన తొట్టిని ఒకటికి రెండుసార్లు కొలిచారు.

"పడుకోబెడితే బెత్తెడు జాగా మిగులుతుంది. దేవుడు ముందే కొలిచి పెట్టాడు సార్."

"డ్రైవరు పొడుగు తొట్టి అడిగాడండి, మంచం కోసం," అన్నాను. అన్నానని చెప్పుకోవడానికి సరిపడా గొంతుతో అన్నాను.

పెద్దాయన అద్దం ఇంకొంచెం దించారు. "ఆదివారం గుళ్ళోకి రాడు, బండిలోకి మాత్రం సలహాలొస్తాయా? రోగిని వెనక సీట్లో కూర్చోబెట్టమను. ఏసీ కూడా ఉంది."

టై కుర్రాడు మెల్లగా అన్నాడు. "సార్, ఆ సింగిల్ క్యాబిన్ ఎక్కువ కూరగాయలోళ్ళు తీస్కపోతరు సార్."

ఇక చర్చకేం మిగల్లేదు.

నులక నా సంచీలోనే ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ కుర్రాడితో ఇంగ్లీషులో రెండు మాటలు మాట్లాడి ఉన్నాను. ఇప్పుడు సంచీలోంచి మాసిన నులక తాడు తీసి, ఆ మెరిసే తొట్టిలోకి ఎక్కి, మోకాళ్ళ మీద వంగి పరచాలి. తీయలేదు. దాని బదులు మనసులో లెక్క వేశాను. తొట్టి నాలుగున్నర అడుగులు. వెనక తలుపు కిందికి వాలిస్తే ఇంకో అడుగు అయిదంగుళాలు. మొత్తం అయిదడుగుల పదకొండు. మంచం ఆరడుగుల మూడు. నాలుగంగుళాలు తక్కువ.

తెలియక చేసిన తప్పయితే ఎంత సుఖంగా ఉండేది! నాలుగంగుళాలు ఎంతని, అరచెయ్యి వెడల్పు, అనుకున్నాను. సాక్షి సంతకం పెట్టాను. నా చేతిరాత బాగుంటుంది.

బండి వచ్చిన రోజు డ్రైవరు దాని చుట్టూ తిరిగాడు.

"కొలిసినవా సార్?"

"కొలిచాను. వెనక తలుపు వాలిస్తే పడుతుంది."

మొదటి మాట అబద్ధం. రెండోది దానికి తోడు వచ్చింది. అతను వెనక తలుపు వాల్చి తొట్టిలో జాన మీద జాన వేసుకుంటూ పోయాడు. తలుపు అంచు దగ్గర చెయ్యి ఆగింది. నావైపు చూడలేదు.

"మంచిగున్నది సార్ బండి," అన్నాడు.

రిబ్బన్ కత్తిరించి ప్రార్థన చేశాం. ఆ ఎండాకాలం బండి బాగా తిరిగింది. పెద్దలు తెల్లబట్టలకు దుమ్ము అంటకుండా సభలకు పోయి వచ్చారు. పుల్పిట్ హాయిగా పడుకుని ప్రయాణం చేసింది. మధ్య మధ్య రోగులూ ఎక్కారు. ఎక్కువమంది కూర్చోగలిగినవాళ్ళే. కూర్చోగలిగినవాళ్ళకు అది చాలా మంచి బండి.

ఆగస్టులో వానలు పడ్డాయి. సిస్టరమ్మ ఆమెను కాన్పుకు వారం ముందే దవాఖానాకు తెచ్చి పెట్టుకుందామంది. సోమవారం తెస్తానని అతను అన్నాడు. నొప్పులు ఆదివారమే వచ్చాయి.

ప్రసంగం సగంలో ఉంది. చర్చి గుమ్మం దగ్గర డ్రైవరు నిలబడి ఉన్నాడు, చెప్పులు బయట వదిలి, లోపలికి రాకుండా. నావైపే చూస్తున్నాడు. ప్రసంగం తప్పించుకునే అవకాశాన్ని నేను ఎప్పుడూ వదులుకోలేదు, లేచి వెళ్ళాను.

"మొదలైనయంట సార్. మా బావమర్ది ఉరుక్కుంట వచ్చిండు. వాగొడ్డుకు ఎత్తుకస్తున్నరు."

సిస్టరమ్మ, అతను, నేను బయల్దేరాం. నేను ఎందుకంటే, ముందు సీట్లో ఉన్న నా గొడుగు తీసుకుందామని ఎక్కి దిగలేదు. అంతకన్నా గొప్ప కారణం లేదు.

వాగు మోకాలి లోతు. రాత్రి వచ్చిన నీరు తీసి, ఇసుక మెత్తగా మిగిలింది. ఖాళీ బండి కదా, ఇవతలి ఒడ్డు నుంచే వేగం పట్టి ఒక్క ఊపులో దాటించాడు. టర్బో అరిచింది. డబ్బు వృథా పోలేదనుకున్నాను.

అవతలి ఒడ్డున మంచం భుజాల మీదే ఉంది. దింపలేదు. ఆమె మీద దుప్పటి కప్పి ఉంది, ముఖం మాత్రం కనిపిస్తోంది, నోట్లో కొంగు కుక్కుకుంది. సిస్టరమ్మ దుప్పటి ఎత్తి చూసి దించింది. వాళ్ళకు తెలియకుండా నాకు ఇంగ్లీషులో చెప్పొచ్చు, తెలుగులోనే చెప్పింది.

"బిడ్డ చెయ్యి బయటికొచ్చింది. కూర్చోబెట్టొద్దు. కుదుపొద్దు. జల్దీ."

వెనక తలుపు వాల్చి మంచం ఎక్కించారు. తల వైపు కాళ్ళు తొట్టిలో నిలబడ్డాయి. పాదాల వైపు కాళ్ళు తలుపు అంచు దాటి గాలిలో ఉన్నాయి. ఇద్దరు పట్టుకుంటే నిలుస్తుంది, వదిలితే వాలుతుంది. తాడుతో కట్టారు. బండి ముందు చక్రాలు ఒడ్డు దిగుడు మీద ఉన్నాయి, ఇంకో ఒడ్డు ఎక్కాలి. ఎక్కేటప్పుడు మంచం వెనక్కి జారుతుందని అందరికీ కనిపిస్తోంది. డ్రైవరు ఆ గాలిలో ఉన్న కోళ్ళ వైపు చూశాడు. మంచం కాళ్ళను మా వైపు కోళ్ళు అంటారు. అరచెయ్యి వెడల్పు జాగా. సరిగ్గా నా లెక్కే.

వాళ్ళ భాషలో గొడవ పడ్డారు. దింపొద్దని ముసలావిడ ఒకామె, బహుశా అతని తల్లి, మంచం పట్టె పట్టుకుని వదల్లేదు. సిస్టరమ్మ ఆ చెయ్యి విడిపించింది. ఆమెను మంచం మీంచి ఎత్తి వెనక సీట్లోకి తీసుకున్నారు. సీటు వెడల్పు నాలుగడుగుల పైచిలుకు. తల సిస్టరమ్మ ఒళ్ళో, మోకాళ్ళు ముడిచి తలుపుకు ఆనించారు. అంతటి బాధలోనూ ఆ మెత్తటి సీటును ఒక చేత్తో తడిమి చూసింది. డ్రైవరు అలవాటుగా ఏసీ వేశాడు. వేసి, మళ్ళీ ఆపాడు.

"మెల్లగ పోతె గుంజదు సార్," అన్నాడు స్టీరింగు మీద చెయ్యి పెట్టి, మామూలు గొంతుతో. "ఉరికితె కుదుపైతది."

"మెల్లగానే," అంది సిస్టరమ్మ వెనక నుంచి.

మెల్లగానే పోయాడు. నడి వాగులో వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. బండి ముందుకు పోయే బదులు కిందికి పోయింది. క్లచ్చు వదిలి, పట్టి, వదిలి చూశాడు. ప్రతిసారీ ఒక వేలంత దిగింది. ముందు చక్రాలు కడిగిన పళ్ళాల్లా ఊరికే నిలబడి ఉన్నాయి. మేము దిగి నెట్టాం. నీళ్ళు తలుపు కింద నుంచి లోపలికి వచ్చాయి. నేను ఫిజిక్సు లెక్చరర్‌ని. ఎందుకు కదలడం లేదో అక్కడున్న అందరికన్నా వివరంగా తెలుసు.

చివరికి మంచమే వచ్చింది. ఆమెను మళ్ళీ మంచం మీదికి మార్చారు, నడి వాగులో, నీళ్ళలో నిలబడి. నలుగురు ఎత్తుకున్నారు. డ్రైవరు ఒక కోడు పట్టాడు. నన్ను ఎవరూ పిలవలేదు. నేను ఇంకో కర్ర కింద భుజం పెట్టాను, పొడుగు తక్కువై నా భుజానికి బరువు అందలేదు. పక్కన నడిచాను. అతను దారి పొడుగునా ఆమెతో తన భాషలో ఏదో అంటూనే ఉన్నాడు. నాకు అర్థం కాలేదు. ఆ రోజు నాకు జరిగిన మేలు అదొక్కటే.

రోడ్డు మీద ట్రాక్టరు కోసం కాచుకున్నాం. దొరికింది. రెండేళ్ళ కింద జరిగినట్టే. ఈసారి అతను కూడా తొట్టిలో ఉన్నాడు, తేడా అంతే.

ఆమె బతికింది. బిడ్డ మగబిడ్డ. ఆస్పత్రి వరండాలో ముఖం మీదుగా తువాలు చుట్టి అతని చేతికిచ్చారు. అతను పట్టుకున్నాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"బండి వాగులనే ఉన్నది గద సార్. తాళం నా జేబులున్నది. ఎవరన్న తీస్తరేమో, నువ్వు తీస్కపో."

తాళం తీసుకున్నాను. నాకు డ్రైవింగు రాదు.

కమిటీ కూడి ప్రార్థన చేసింది. "దేవుని చిత్తం," అన్నారు పెద్దాయన, ఆయన కళ్ళూ తడిసే ఉన్నాయి. మినిట్స్ రాసేది నేను. 'వాగు ఉద్ధృతి వలన వాహనం నిలిచిపోయినందున' అని రాశాను. చేతిరాత బాగుందని అయ్యగారు అన్నారు.

నెల తర్వాత అతను మళ్ళీ పనిలోకి వచ్చాడు. లారీకి పోతాడనుకున్నాను. ఒక శనివారం పొద్దున వెళ్ళేసరికి దవాఖానా వరండాలో ఆ మంచం ఉంది. నులక విప్పేసి, పట్టెలు విడదీసి, రంపంతో కోస్తున్నాడు. బొగ్గుతో గీసుకున్న గీత దగ్గర, తొట్టి పొడుగుకు సరిగ్గా.

"ఇంకా ఇద్దరున్నరంట సార్ మా ఊర్ల, నెలలు నిండినోళ్ళు. సిస్టరమ్మ చెప్పింది." రంపం ఆపలేదు. "బండైతె పొడుగు కాదు గద."

అల్లేటప్పుడు నులక చాల్లేదు. విప్పిన పాత తాడు చాలాచోట్ల చివికిపోయి ఉంది.

"నీ తాన ఒక ముక్కుండాలె సార్. నేనిచ్చిన."

సంచీ మార్చలేదు నేను. అడుగున ఉంది. తీసి ఇచ్చాను. అతను చేతిలో పెట్టుకుని చూశాడు. బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య చుట్టిన చుట్టు, నడుముకు బిగించిన కొస, ఆరు నెలల కింద తను కట్టినది కట్టినట్టే ఉంది.



"కొస గూడ ఇప్పలే," అన్నాడు. కోపంగా అనలేదు. లెక్క సరిచూసుకున్నట్టు అన్నాడు. పళ్ళతో కొస లాగి, విప్పి, రెండు ముడులూ ఊడదీసి, అల్లడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నానికి మంచం అయింది. ఇద్దరం ఎత్తి తొట్టిలో పెట్టాం. నాలుగు కోళ్ళూ నిలబడ్డాయి.

"పండుకో సార్," అన్నాడు.

"నేనా?"

"నువ్వే. చూడాలె గద, మనిషి పడుతడో లేదో."

చెప్పులు విప్పి ఎక్కాను. పడుకున్నాను. తల ఇటు పట్టెకు, పాదాలు అటు పట్టెకు తగిలాయి, మోకాళ్ళు పైకి లేచాయి.

"ఇంకొంచెం ముడువు సార్."

ముడిచాను. అతను వెనక తలుపు ఎత్తి మూశాడు. గడియ పడింది.